పెరుగు పుట్టిన ఊరు

మేం ఎక్కడివాళ్లమో మాకు తెలియదన్న సంగతి ప్రభుత్వానికి తెలిసింది.

ఎలా తెలిసిందో నేను చెప్పలేను. మా ఏనుగుబండ కాలనీ విశాఖపట్నంలో ఒక కొండ వాలున ఉంది. కింద నుంచి చూస్తే ఇళ్లన్నీ ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉంటాయి. శ్రీకాకుళం వైపు వాళ్లు, బొబ్బిలి వైపు వాళ్లు, ఒడిశా వాళ్లు, ఎక్కడెక్కడి నుంచో కూలి పనికి వచ్చి, బండలు పగలగొట్టి, ఆ ముక్కలతోనే గోడలు లేపుకున్నాం. నా ఇంటి గోడలు నేనూ మా ఆయనా కలిసి పేర్చినవే. ఆయన పోయాడు, గోడలున్నాయి. ఇన్నేళ్లలో మేం ఎక్కడివాళ్లమని ఎవరూ బెంగ పెట్టుకోలేదు. కుళాయి ఎప్పుడొస్తుందన్నదే మా బెంగ.

ఆ వేసవిలో ఒక జీపు వచ్చి మెట్ల కింద ఆగింది. దాని మీద ఏం రాసుందో చదివి చెప్పమని అందరూ నన్ను ముందుకు తోశారు. రేషను డిపో అరుగు మీద సాయంత్రం బడి పెట్టినప్పుడు ఈ వయసులో నేనూ అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి, మా వీధిలో బోర్డులు చదివే పని నాది. "అస్తిత్వ, వలస, అనుబంధ పరిశోధనా సంస్థ" అని కూడబలుక్కుని నేను చదవడం పూర్తిచేసేసరికి, జీపులోంచి దిగాల్సిన వాళ్లంతా దిగి మెట్లెక్కి వచ్చేశారు.

వాళ్లలో పెద్దాయన డైరెక్టరు, డాక్టర్ చక్రధరం గారు. రేషను డిపో ముందు మమ్మల్ని కూర్చోబెట్టి ఆయన ఇలా అన్నారు:

"సోదర సోదరీమణులారా! మానవుడు ఎక్కడ నివసిస్తున్నాడన్నది ముఖ్యం కాదు. ఎక్కడికి చెందుతున్నాడన్నది ముఖ్యం. మీరు ఇక్కడ నివసిస్తున్నారు. కానీ చెందుతున్నారా? ఈ ప్రశ్న మిమ్మల్ని రాత్రింబవళ్లు వేధిస్తోందని మా ప్రాథమిక అంచనా. ఇందుకోసమే స్వమూల పునరాగమన పథకం. ఇక్కడికే చెందుతారని శాస్త్రీయంగా తేలినవారికి ఇంటి పట్టా. వేరే చోటికి చెందుతారని తేలినవారిని దండ వేసి, బ్యాండు మేళంతో, ప్రత్యేక బస్సులో ఆ చోటికి సగౌరవంగా చేరవేస్తాం. ఖాళీ అయిన స్థలంలో వలస జీవుల గౌరవార్థం ఒక పార్కు నిర్మిస్తాం. శాస్త్రానికి మనవాడు, పరాయివాడు అనే భేదం లేదు."

అందరం చప్పట్లు కొట్టాం. కొట్టాక అర్థమైంది, ఆ పార్కు మా ఇళ్లున్న చోటనే అని.

మర్నాటి నుంచి ఫీల్డు ఆఫీసరు కామేశం గారు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. నెమ్మదైన మనిషి. మెట్లెక్కినప్పుడల్లా పాపం, ఆవిరి ఇంజనులా రొప్పేవారు. మొదట గవరమ్మ ఇంటికి వెళ్లారు. గవరమ్మది బొబ్బిలి వైపు. మా పక్కిల్లే. కుళాయి దగ్గర బిందెల వరసలో వచ్చిన గొడవతో ఆమె నాతో మాట్లాడ్డం మానేసి ఏళ్లయింది. మాట్లాడదు గానీ, నాకు వినబడేలా గోడతో మాట్లాడుతుంది.

"అమ్మా, మీరు ఎక్కడికి చెందినవారని మీ అభిప్రాయం?" అన్నారు కామేశం గారు.

"ఎవులడుగుతున్నారు?"

"నేనే అడుగుతున్నాను."

"అదికాదు బావూ. రేషనోడు అడిగితే ఇక్కడోళ్లం. సమ్మందమోళ్లు అడిగితే బొబ్బిలోళ్లం. ఓట్లోళ్లు అడిగితే ఇంట్లో నేం. నువ్వు ఎవుల తరపునొచ్చినావో సెప్తే, నాను ఎక్కడిదాన్నో సెప్తాను."

ఒడిశా నుంచి వచ్చిన పద్మాబతి, అత్త తిట్టినప్పుడు బరంపురానికి చెందుతాననీ, తిట్టనప్పుడు ఇక్కడికే చెందుతాననీ చెప్పింది. కొండ కింద గేదెలు పెట్టుకున్న అప్పలనాయుడు, గేదెలెక్కడుంటే అక్కడికి అన్నాడు. మరి గేదెలు ఎక్కడికి చెందుతాయని కామేశం గారు అడిగితే, "ఆటినే అడగండి, కట్టేసే ఉన్నాయి" అన్నాడు.

ఇవన్నీ విని డైరెక్టరు గారు బాధపడలేదు. సంతోషించారు. "చూశారా! వీళ్లకు తమ అస్తిత్వం గురించి అవగాహన శూన్యం. మనుషుల గురించి మనుషుల్నే అడగడం పరిశోధనలో మౌలిక దోషం. మనిషి అబద్ధమాడతాడు. వస్తువు ఆడదు. వస్తువును పట్టుకోండి!" అన్నారు.

అప్పట్నుంచి వస్తువుల వేట. మొదట చెప్పులు చూశారు. అందరివీ ఆదివారం సంతవే. చీపుళ్లు చూశారు. అవి వారానికొకటి అరిగిపోతే, చరిత్ర ఎక్కడ నిలుస్తుంది? రుబ్బురోళ్లు చూశారు. ఒక రోలును జీపెక్కించబోయి కాలి మీద వేసుకున్న డ్రైవరు, తానిక ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ చెందనన్నాడు.

ఆ మధ్యాహ్నమే కామేశం గారు మా గుమ్మంలో కూలబడ్డారు. ముఖం ఎర్రగా కందిపోయింది. గ్లాసెడు మజ్జిగలో ఉప్పేసి, నిమ్మాకు నలిపి ఇచ్చాను. గటగటా తాగి, "ఎంత కమ్మగా ఉందమ్మా! ఏ పాకెట్టు పెరుగిది?" అన్నారు.

"పాకెట్టేటి బావూ, ఇంట్లో తోడేసిందే. మా ఊర్ని రిజర్వాయరు నీళ్లు ముంచేసినప్పుడు, మా అత్త మూకుడులో పెరుగు ఇంత గిన్నెలో ఏసుకుని వొచ్చినాను. ఆ తోడే ఇప్పటికీ నడుస్తంది. ఈ వీధిలో సగం ఇళ్లకి నా తోడే."

కామేశం గారి గ్లాసు గాల్లో ఆగిపోయింది. "ఏమన్నారు? మళ్లీ చెప్పండి!" అన్నారు.

నేను మళ్లీ చెప్పాను. ఆయన లేచి, చెప్పులు నా గుమ్మంలోనే వదిలేసి, కాలే మెట్ల మీద గెంతుకుంటూ కిందికి పరుగెత్తారు. ఎండదెబ్బ అనుకున్నాను. కాదు, పరిశోధన.

సాయంత్రానికి డైరెక్టరు గారే వచ్చి మా పెరుగు గిన్నెకు నమస్కారం పెట్టారు. "మహత్తరం! మనిషి వలస పోతాడు, మారిపోతాడు, మరిచిపోతాడు. పెరుగు మరిచిపోదు. ఎవరి తోడు ఎవరి పాలలో కలుస్తుందో, వారి మూలమే వీరికీ మూలం. ఇది దధి సిద్ధాంతం!" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ కాస్త గర్వంగానే అనిపించింది. మా పెరుగుకి అంతవరకు ఎవరూ నమస్కారం పెట్టలేదు.

ఇక కాలనీలో ఎవరింటికి వెళ్లినా ఒకటే ప్రశ్న: నీ తోడెవరిది? రేషను డిపో గోడకి సున్నం కొట్టించి, దాని మీద పెరుగు వంశవృక్షం గీయించారు. అడుగున నా గిన్నె బొమ్మ. అందులోంచి కొమ్మలు. కొమ్మకొక గిన్నె. దీపం పెట్టాక ఎవరికీ తోడు ఇవ్వకూడదని మేం చెబితే, దానికి సంధ్యా నిషేధమని పేరు పెట్టి గోడ మీద ఒక సూర్యుణ్ణి కూడా గీయించారు. మా ఇంట్లో మజ్జిగ తాగనిదే కామేశం గారికి పరిశోధన సాగేది కాదు. పోతూ పోతూ చిన్న డబ్బాలో కాస్త తోడు ఇంటికి పట్టుకెళ్లేవారు. వాళ్ల ఆవిడకి తెగ నచ్చిందట.

గొడవ గవరమ్మ కొమ్మ దగ్గర వచ్చింది.

"నాను దాని తోడు ముట్టనేదు. సచ్చినా ముట్టను!" అంది గవరమ్మ, నావైపు చూడకుండా వేలు మాత్రం చూపిస్తూ. "నా తోడు పద్మాబతి ఇచ్చింది."

"పద్మాబతి గారికి ఎవరిచ్చారు?" అన్నారు కామేశం గారు.

పద్మాబతి తల గోక్కుంది. "సన్యాసప్పే ఇచ్చింది" అంది, నన్ను చూపిస్తూ.

పెయింటరు నా గిన్నె నుంచి పద్మాబతి గిన్నెకీ, అక్కణ్నుంచి గవరమ్మ గిన్నెకీ ఒక ఎర్రగీత లాగాడు. వీధి వీధంతా అక్కడే ఉంది. గవరమ్మ ఆ గీతను కింద నుంచి మీదకీ, మీద నుంచి కిందకీ చూసింది.

"అంటే ఇన్నేళ్లూ నాను తిన్నది దీని పెరుగా?"

"మనవరాలి వరస అవుతుందమ్మా, మీ పెరుగు" అన్నారు కామేశం గారు మర్యాదగా.

"ఓలమ్మో! నా కడుపులో పెట్టిందిరా మంట!" అంటూ గవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి పోయింది. ఆ పూట గోడతో చాలాసేపు మాట్లాడింది. నేను కూడా ఇటునుంచి గోడతోనే, "పుల్లగుందని ఎప్పుడైనా అన్నావేటి గోడా?" అన్నాను.

పరిశోధన పూర్తయింది. అందరినీ మళ్లీ డిపో ముందు కూర్చోబెట్టి డైరెక్టరు గారు ఫలితం చదివారు. ఏనుగుబండ కాలనీలో ఉన్నవారంతా, శ్రీకాకుళం వాళ్లు, బొబ్బిలి వాళ్లు, ఒడిశా వాళ్లు సహా, శాస్త్రీయంగా గెడ్డవలస గ్రామానికి చెందినవారు. గెడ్డవలస మా అత్తవారి ఊరు. కాలనీలో ఆ ఊరి మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే.

పద్మాబతి లేచి, "అయ్యా, నేను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు" అంది.

"మీరు చూడలేదు. మీ పెరుగు చూసింది" అన్నారు డైరెక్టరు గారు.

నేను లేచాను. "బావూ, గెడ్డవలస ఇప్పుడు నేదు. రిజర్వాయరు అడుగున ఉంది. గుడి గోపురం మీంచి కూడా పడవలెల్తన్నాయి."

"అమ్మా, ఊరు ఎక్కడ ఉందన్నది రెవెన్యూ ప్రశ్న. ఊరు మీలో ఉందా లేదా అన్నది మా ప్రశ్న."

"నాలో ఉంది బావూ. నాను దాన్లో ఉండలేను గదా!"

"అది నీటి మట్టానికి సంబంధించిన అంశం. మా సంస్థ పరిధిలోకి రాదు" అని ఆయన కూర్చున్నారు. పునరాగమనం వచ్చే నెల పౌర్ణమికి. ఆ మర్నాడే పార్కు పని మొదలు. కొలతల వాళ్లు అప్పటికే మా ఇళ్ల మధ్య సున్నం గీతలు గీస్తున్నారు. నా వంటగది ఉన్న చోట ఒక ఉయ్యాల వస్తుందట.

రిజర్వాయరు ఆఫీసుకు ఫోను చేసి అడిగారట కూడా. చేపలకు ఇబ్బంది కలగకుండా ఉంటే జనం అడుగున నివసించడానికి తమకు అభ్యంతరం లేదని వాళ్లన్నారట. దాంతో సంస్థ వారు ముందుచూపుతో మాకు ఈత నేర్పించాలని నిర్ణయించారు. కొండ మీద నీళ్లెక్కడివి? కుళాయికే దిక్కులేదు. అందుకని డిపో ముందు బెంచీలు వేయించి, వాటి మీద బోర్లా పడుకోబెట్టి నేర్పించారు. శిక్షకుడు ఈల వేస్తే కాళ్లు కొట్టుకోవాలి. రెండు ఈలలు వేస్తే ఊపిరి బిగపట్టాలి.

"ఎంతసేపు బిగపట్టాలి బావూ?" అనడిగాడు అప్పలనాయుడు.

శిక్షకుడు పథకం పుస్తకం తిరగేసి, "శాశ్వత నివాసం అని ఉంది" అన్నాడు.

నా ముందు బెంచీ గవరమ్మది. ఈల పడగానే రెండు కాళ్లతో టపటపా గాలిని కొట్టేది. ఆ కాళ్లు నా మొహానికి తగిలేవి. తగిలేవో, తగిలించేదో. శిక్షకుడు వచ్చి, "అమ్మా, మీరు బాగా ఈదుతున్నారు గానీ ఎదురీదుతున్నారు. ఊరు అటుంది" అన్నాడు. పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవాళ్లు. మేమూ నవ్వేవాళ్లం. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, ఆ గోడకి చెయ్యి ఆనించుకుని కూర్చున్నప్పుడు మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ రాళ్లు ఎత్తిన మనిషి లేడు. రాళ్లు కూడా లేకపోతే నేను ఎక్కడ కూర్చోవాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఈలోగా డైరెక్టరు గారికి కొత్త దిగులు పట్టుకుంది. మా పెరుగు జాతి సంపద కదా. బయటి పెరుగేదైనా వచ్చి కలిస్తే వంశం చెడిపోదా? అందుకని దధి వారసత్వ పరిరక్షణ దళం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి పెరుగు గిన్నెలకు గుడ్డ కట్టి, లక్క సీలు వేసి, వ్యానెక్కించి తీసుకుపోయారు. అప్పలనాయుడు తింటున్న పెరుగన్నం గిన్నెకు కూడా సీలు వేశారు. చెయ్యి అందులోనే ఉందని అతను అరిస్తే, చెయ్యి తీసుకోనిచ్చి, అంటుకున్న మెతుకులు దులిపించుకుని మరీ వేశారు. మెట్ల కింద ఒక కాపలావాణ్ణి పెట్టారు. వచ్చేపోయేవాళ్ల సంచులు వాసన చూడటం అతని ఉద్యోగం. పాకెట్టు పెరుగు దొరికితే సాంస్కృతిక చొరబాటు కేసు.

"మరి పాలో?" అనడిగాను.

"పాలు తెచ్చుకోవచ్చు. పాలకి అస్తిత్వం ఉండదు. అవి ఇంకా ఏదీ కానివి" అన్నారు డైరెక్టరు గారు.

ఆ వేసవిలో పెరుగు లేని ఇల్లంటే ఏమిటో అందులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. పిల్లలు కంచాలు నెట్టేశారు. మొగుళ్లు అలిగారు. కడుపుల్లో వేడి తలలకెక్కి, ఊరికే తగవులు. పాలున్నాయి, తోడు లేదు. ఎవరిని అడిగినా ఎవరి దగ్గరా లేదు.

ఒక సాయంకాలం, దీపాలు పెట్టే వేళకి గవరమ్మ నా గుమ్మం ముందు నిలబడింది. గోడతో కాదు, నాతోనే మాట్లాడింది.

"ఒదినా, మా మనవరాలు మూడు పూటల్నుంచి ముద్ద ముట్టడం నేదు. ఓ సుక్క తోడుంటే ఇయ్యి."

"సంజెయేళ తోడడక్కూడదని తెల్దేటి?"

"తెలుసు. నిన్నే అడక్కూడదనుకున్నాను, అడగనేదా? ఇదీ అంతే."

"నా గిన్నె కూడా వ్యానెక్కేసింది గదే!" అన్నాను. ఆమె వెనక్కి తిరిగింది. "ఆగు, పాలు పట్రా" అన్నాను.

మా ఇంటి మీద పాత పెయింటు డబ్బాల్లో మిరప మొక్కలున్నాయి. ఈ కొండ మట్టే పోసి పెంచినవి. ఎండిన కాయలు తొడిమలతో సహా ఏరి తెచ్చాను. ఊళ్లో గేదెలు వట్టిపోయి, చాలా రోజుల తర్వాత ఈనినప్పుడు, తోడు దొరక్కపోతే మా అత్త ఇలాగే చేసేది. గోరువెచ్చని పాలల్లో తొడిమ మునిగేలా మిరపకాయలు వేసి, దుప్పటి చుట్టి, పొయ్యి పక్కన పెట్టాం.

"ఇది పెరుగవుతాదంటావా?" అంది గవరమ్మ.

"అవ్వకపోతే కారం పాలు."

తెల్లారి చూస్తే తోడుకుంది. పల్చగా, పిరికిగా ఉంది గానీ పెరుగే. దాన్ని మళ్లీ పాలల్లో వేస్తే గట్టిగా వచ్చింది. ఆ సంగతి గవరమ్మ నోటపడ్డాక వీధిలో తెలియని వాళ్లెవరు? మిరప మొక్క లేని వాళ్లు నా పెయింటు డబ్బాల మీద పడ్డారు. వారం తిరక్కుండా ఇంటింటికీ ఎవరి పెరుగు వాళ్లది. ఎవరూ ఎవర్నీ తోడు అడగలేదు. మాకు పెరుగు కావాలి, తిన్నాం. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

పౌర్ణమి వచ్చింది. కొండ కింద బస్సులు, బ్యాండు మేళం, గంపలనిండా దండలు. జెండా ఊపడానికి ఒక పెద్ద అధికారి వచ్చారు. నేను నా వంట సామాను మూటకట్టుకుని, ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎవరికి ఇవ్వాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

పథకం ప్రకారం బస్సెక్కే ముందు చివరి నిర్ధారణ ఉంది. కామేశం గారు మొదట గవరమ్మను నిలబెట్టారు.

"మీ ఇంట్లో పెరుగు ఉందా అమ్మా?"

"ఉంది."

కామేశం గారు ఉలిక్కిపడ్డారు. "ఎక్కడిది? అంతా సీలు వేశాంగా! తోడెవరిచ్చారు?"

"ఎవుళ్లూ ఇవ్వనేదు."

"ఎవరూ ఇవ్వకుండా ఎలా తోడుకుంటుందమ్మా?"

"మిరపకాయేసినాను. తోడుకుంది."

"మిరపకాయ ఎక్కడిది?"

"ఒదిన డబ్బాలోది."

"డబ్బాలో మట్టి?"

"ఈ కొండదే. పాలు కొండ కింద అప్పలనాయుడు గేదెవి. గేదె ఈ కొండ గడ్డే తింటాది. ఇంకేటి సెప్పమంటావు, మిరపకాయ మొగుడెవుడో సెప్పాలేటి?"

అందర్నీ అడిగారు. అందరిదీ అదే జవాబు. కామేశం గారు వెళ్లి డైరెక్టరు గారి చెవిలో చెప్పారు. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. మళ్లీ కూర్చున్నారు. మళ్లీ లేచారు. బ్యాండువాళ్లు అదే సంకేతమనుకుని వాయించడం మొదలుపెట్టారు. ఆపించారు.

"అంటే ఈ పెరుగుకి పూర్వీకులు లేరా?" అన్నారాయన.

"నేరు బావూ" అన్నాను.

దధి సిద్ధాంతం తప్పయినా అవ్వాలి, మేం ఇక్కడివాళ్లమైనా అవ్వాలి. దధి సిద్ధాంతం అప్పటికే పుస్తకంగా అచ్చయింది. దానికి సన్మానం కూడా జరిగిపోయింది. శాలువా వెనక్కి ఇవ్వడం కుదరదు. కాబట్టి ఆయన మైకు తీసుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ నగరంలో ప్రతి ఇంటి పెరుగూ ఎక్కడి నుంచో వచ్చిందే. మీ పెరుగు ఒక్కటే ఈ మట్టిలో పుట్టింది. స్వయంభువు! శాస్త్రీయంగా ఈ నగరానికి అసలైన, ఆద్య స్థానికులు మీరే!"

మేం చప్పట్లు కొట్టలేదు. ఈసారి అర్థమయ్యాక కొడదామని ఆగాం. పద్మాబతి నా చెయ్యి పట్టుకుని, "అప్పా, పట్టా ఇస్తారనా?" అంది. పెద్ద అధికారి తల ఊపారు. అప్పుడు కొట్టాం. అప్పలనాయుడు బెంచీ మీద బోర్లా పడి ఈత కొట్టాడు.

కానీ పెద్ద అధికారి జెండా కిందికి దించలేదు. "అది సరే. బస్సులు? బ్యాండు? దండలు? గెడ్డవలస వాళ్లు ఒక్కరైనా వెళ్లకపోతే పథకం విఫలమైనట్టు. పైగా, తెచ్చిన జెండా ఊపకుండా తీసుకెళ్తే ఆడిటులో అభ్యంతరం వస్తుంది" అన్నారు.

అప్పుడు గవరమ్మ, ఏమీ ఎరగనట్టు, "కామేశం బావూ, మరి మీ ఇంట్లో తోడెవుల్ది?" అంది.

కామేశం గారి మొహం తెల్లబోయింది. నిజాయితీ గల మనిషి, అబద్ధం చేతకాదు. "సన్యాసమ్మ గారిదే. పాతది. సీలు వెయ్యకముందు పట్టుకెళ్లింది" అన్నారు.

"మరి డైరెట్టరు బావు ఇంట్లో?"

కామేశం గారు నేల చూశారు. "మేడం గారు మా ఆవిణ్ణి అడిగి తెప్పించుకున్నారు. రోజూ రెండు పూటలా అదే వాడుతున్నారట."

బ్యాండువాళ్లు కూడా ఊపిరి బిగపట్టారు. ఈ నగరం మొత్తంలో గెడ్డవలస పెరుగు తింటున్నది ఇక ఆ రెండు ఇళ్లే. డైరెక్టరు గారు నోరు తెరిచారు. శాస్త్రానికి మనవాడు, పరాయివాడు అనే భేదం లేదని ఆయనే అన్నది అందరికీ గుర్తుంది. నోరు మూసుకున్నారు.

ఆయనకీ కామేశం గారికీ దండలు వేసింది నేనూ గవరమ్మా. డైరెక్టరు గారు బస్సెక్కేటప్పుడు మాత్రం చాలా హుందాగా ఎక్కారు, అది ఒప్పుకోవాలి. మెట్టు మీద ఆగి, "అమ్మా, ఊరు ఎలా ఉంటుంది?" అనడిగారు నన్ను.

"సల్లగుంటాది బావూ" అన్నాను. జెండా ఊగింది.

ఆ తర్వాత పట్టాలు వచ్చాయి. నా పట్టాలో స్వస్థలం అన్నచోట ఏనుగుబండ అని ఉంది. నేనే కూడబలుక్కుని చదివాను. డైరెక్టరు గారు ఏమయ్యారంటారా? రిజర్వాయరు గట్టు మీద గెస్టుహౌసులో దిగి, తాను ముంపు గ్రామస్థుణ్ణని అర్జీ పెట్టుకున్నారు. గెడ్డవలస వాళ్లం అడిగి అడిగి అలిసి వదిలేసిన పునరావాస స్థలం, ఆయనకి నెల తిరక్కుండా వచ్చింది. చెందడం అంటే ఏమిటో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది.

మొన్న కామేశం గారు వచ్చారు. ఇంకా రొప్పుతూనే ఉన్నారు. సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి నా చేతిలో పెట్టారు.

"అమ్మా, సీలు వేసిన గిన్నెలన్నీ గోదాములో బూజుపట్టి పోయాయి. మీ అత్తగారి తోడు మా ఇంట్లోనే మిగిలింది. తీసుకోండి. కానీ జాగ్రత్త. ఇది మీ పాలల్లో కలిసిందంటే, రూలు ప్రకారం మీరు మళ్లీ గెడ్డవలస వాళ్లయిపోతారు. ఇల్లు పోతుంది" అన్నారు.

ఆయన వెళ్లాక మూత తీసి వాసన చూశాను. మా అత్త మూకుడు, పిడకల పొగ, ఏటి గాలి, అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. పాలగిన్నె వైపు చూశాను. గోడవైపు చూశాను. గవరమ్మను కేకేసి పిలిచి, రెండు కంచాల్లో వేడన్నం పెట్టి, ఉల్లిపాయ కోసి, ఆ పెరుగంతా ఇద్దరికీ వేసేశాను. తిన్నదాన్ని ఎవరూ పరిశోధించలేరు.

"పుల్లగుంది" అంది గవరమ్మ, రెండో ముద్ద పెట్టుకుంటూ.

"ఎరగవేటి? ఇన్నేళ్లూ తిన్నావు గదా."

"ఎరుగుదును. అందుకే సెప్తన్నాను" అని, ఖాళీ డబ్బా తను కడిగి తెస్తానని పట్టుకుపోయింది.

మర్నాడు పొద్దున్న డబ్బా తిరిగి ఇస్తూ, తన ఇంటి పెరుగు ఒక గిన్నెడు తెచ్చిపెట్టింది. మిరపకాయ పెరుగైతే ఇంత గట్టిగా రాదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పిడకల పొగ. ఏటి గాలి.

తోడు ఎక్కడిదని నేను అడగలేదు. అలాంటివి అడగడానికి నేనేం పరిశోధకురాలినా?